పడవలో ఎవరు ఎటు కూర్చోవాలి

నది లోతు కొలిచే యంత్రం మా ఆఫీసుకి వచ్చిన రోజున దాన్ని దాచడానికి ఇనప బీరువా ఉంది గాని, బిగించడానికి పడవ లేదు. తొంభైల చివరి సంగతి ఇది. నేను ధవళేశ్వరంలో, ఏటిగట్ల పనులు చూసే సబ్ డివిజన్‌లో అసిస్టెంట్ ఇంజినీర్‌ని. ఇప్పుడు ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను కలిసినప్పుడు, యంత్రాలు లేని రోజుల్లో ఎలా పనిచేశారని అడుగుతారు. యంత్రం వచ్చాక ఏమైందో మాత్రం ఎవరూ అడగరు. నేను చెప్పదగ్గది అదే.

అంతకుముందు మేము తాడుతో కొలిచేవాళ్ళం. తాడు చివర సీసం గుండు, మీటరుకొక గుడ్డ ముడి. పడవ ఆపి, గుండు దింపి, నేల తగలగానే తడి ఎంతవరకూ వచ్చిందో చూసి రాసుకోవడమే. నిదానమైన పని. ప్రవాహం ఉంటే తాడు వంపు తిరిగి లోతు ఎక్కువ చూపిస్తుంది. ఆ సంగతి అందరికీ తెలుసు కాబట్టి అందరూ కొంత తగ్గించి రాసేవాళ్ళు. ఎంత తగ్గించాలన్నది మాత్రం ఒక్కొక్కరిది ఒక్కో లెక్క. నాకు నచ్చనిది అదే.

కొత్త యంత్రంలో రెండు భాగాలు. ఒకటి చేతిపెట్టెంత డబ్బా. అందులో కాగితం చుట్ట నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది, సూది దాన్ని కాలుస్తూ నది అడుగుని గీతగా గీస్తుంది. కాగితం కాలిన వాసనకి మొదటి వారం నాకు తలనొప్పి వచ్చేది. రెండోది ట్రాన్స్‌డ్యూసర్. అది నీళ్ళలో ఉండి కిందకి శబ్దం పంపుతుంది, ఆ శబ్దం నేలకి తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి డబ్బా లోతు లెక్కగడుతుంది. బోర్లించిన కంచు చెంబులా ఉండేది. పడవ మీద పనిచేసే మా కళాసీలు మొదటి రోజే దానికి చెంబు అని పేరు పెట్టారు. ఆ తరవాత మా ఆఫీసులో నా పై అధికారి డీఈ గారితో సహా ఎవరూ దాన్ని ఇంకో పేరుతో పిలవలేదు.

కంపెనీ తరఫున చెన్నై నుంచి ఒకాయన వచ్చి ఒక్క పూట ఉన్నాడు. చెంబుని పడవ అడుగున చిల్లు పెట్టి బిగించమన్నాడు. మా శాఖ పాత ఇంజను పడవ అప్పుడు మరమ్మతుకి నరసాపురంలో ఉంది. దాన్ని కట్టిన వడ్రంగే మరమ్మతు చేస్తున్నాడు. నేను వెళ్ళి సంగతి చెప్పాను. ఆయన ఉలి కింద పెట్టి నన్ను పైనుంచి కిందకి చూశాడు.

"అడుగున చిల్లు పెట్టమంటారేంటండీ?"

"చెంబు పట్టేంత చాలు. చుట్టూ రబ్బరు వేస్తాం."

"నీళ్ళు లోపలికి రాకుండా చూడ్డం నా పనండి. వాటికి దారి చెయ్యడం నాకు రాదు. ఆ చెన్నై ఆయన్ని రమ్మనండి, చిల్లు పెట్టి, ఆయన్నే అందులో కూర్చుని అవతలి రేవుకి ఎల్లమనండి. నేను గట్టు మీద నుంచుని చూత్తాను."

సరే, చిల్లు లేకుండా లోపలివైపే అతికించవచ్చని కంపెనీ కాగితాల్లో ఉంది. అది ఫైబరు పడవలకి. మాది చెక్క. అయినా ప్రయత్నించాం. గీత రానేలేదు. చెక్కలో శబ్దం చచ్చిపోతుంది. తరవాత అమరం మీద, అంటే పడవ వెనక కొస పలక మీద, ఒక ఇనప పట్టీతో బిగించాం. పడవ రేవులో నిలబడి ఉన్నంతసేపూ గీత చక్కగా వచ్చింది. ఇంజను వేయగానే నీళ్ళలో తిరిగే ఫంకా లేపిన నురుగంతా చెంబు కిందికి చేరి, కాగితం మీద గీతకి బదులు మసి పడింది. మా డీఈ గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"గోదావరి ఇంత గజిబిజిగా ఉంటుందని నాకెప్పుడూ తెలీదమ్మా," అన్నారు.

ఆయన రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి. సర్వీసంతా గుండు తాడుతో గడిపారు. యంత్రాన్ని ఆయన వద్దనలేదు, నమ్మనూ లేదు. ఇంటికి వచ్చిన కొత్త అల్లుడిని చూసినట్టు, మర్యాదగా, కాస్త దూరం నుంచి చూసేవారు.

చివరికి కుదిరింది ఇలా. పడవ మధ్యకి కాస్త ముందుగా ఒక మందపాటి టేకు పలకని అడ్డంగా వేయించాం. ఆ పలక ఎడమ కొస పడవ అంచు దాటి బయటకి వస్తుంది. రాజమండ్రి లేతు షాపులో చేయించిన బిగింపులతో ఆ కొసకి ఒక ఇనప పైపు నిలువుగా కట్టి, పైపు అడుగున చెంబుని బిగించాం. నురుగు అక్కడికి రాదు. ఇసక మేటలొస్తే బిగింపు వదులు చేసి పైపు పైకి లాక్కోవచ్చు. చెంబు నీటిమట్టానికి ఎంత కిందుందో అంత, యంత్రం చూపిన లోతుకి కలపాలి. ఆ కొలత ఎప్పుడూ మారకుండా ఉండాలని పైపు చుట్టూ ఎర్ర రంగుతో ఒక గీత వేయించాను. ఆ గీత నీళ్ళకి సరిగ్గా తాకుతూ ఉంటే లెక్క సరి.

చెంబు నుంచి డబ్బాకి వచ్చే తీగ పొట్టిది. కాబట్టి డబ్బా ఆ అడ్డపలక మీదే, ఎడమ కొసకి దగ్గరగా ఉండాలి. డబ్బా చూసేది నేను కాబట్టి నేనూ అక్కడే కూర్చోవాలి.

రోజూ పని మొదలుపెట్టేముందు ఒక పరీక్ష. తాళ్ళతో కట్టిన ఇనప పళ్ళేన్ని చెంబు కింద, ముందే కొలిచిపెట్టుకున్న లోతుకి దింపాలి. కాగితం మీద పళ్ళెం ఆ లోతులోనే గీతగా కనబడితే యంత్రం నిజం చెప్తున్నట్టు. సాయంత్రం మళ్ళీ. ఒక్క పూట కూడా నేను మాననిచ్చేదాన్ని కాదు. కళాసీలు దానికి పళ్ళెం సేవ అని పేరు పెట్టారు. "అమ్మగారి సేవ అయిపోయిందా? ఇక ప్రసాదం తినచ్చా?" అని ఒకడంటే, "ఆయ్, గంట కొట్టేశారు," అని ఇంకొకడు. నాకు వినబడకూడదన్నట్టు, వినబడేలాగే అనుకునేవాళ్ళు.

ఆ ఎండాకాలం చివర మాకు అప్పగించిన పని వశిష్ఠ గోదావరి మీద, పశ్చిమ గోదావరి వైపు గట్టు. ఊరి పేరు రాయను. అక్కడ నది మలుపు తిరిగి గట్టుని ఒరుసుకుంటూ పోతుంది. అలాంటి చోట నీళ్ళు గట్టు పాదాన్ని అడుగునుంచి తొలుస్తాయి. పైకి గట్టు నిక్షేపంలా ఉంటుంది, వరదొచ్చిన రోజున పెచ్చు ఊడినట్టు జారిపోతుంది. దానికి మందు రాయి. గొయ్యి ఉన్నచోట రాయి పోస్తే అది దిగి పాదాన్ని కాస్తుంది. ఆ ఏడు మాకు మంజూరైన రాయి ఒక్కచోటికే సరిపోతుంది. అనుమానం మాత్రం రెండు చోట్ల ఉంది. ఎగువన పంపుహౌస్. దిగువన, గట్టుని ఆనుకుని ఇరవై ముప్ఫై గడపలున్న వీధి. ఆ వీధి మొదట్లో, రేవు పక్కన ఒక కాకా హోటల్. ఎర్రనీరు రాకముందే, అంటే కొత్త వరద దిగకముందే, రెంటిలో గొయ్యి ఎక్కడుందో తేల్చి రాయి అక్కడ పోయాలి. గట్టు పొడవునా జెండాలు పాతించాం. హోటల్ ఎదుట నాలుగో జెండా. పంపుహౌస్ దగ్గర తొమ్మిదోది.

హోటల్ నడిపేది ఒకావిడ. నా కంటే కాస్త పెద్దది, మంచి భారీ మనిషి. భర్త పోయాక, చెల్లెలిని తోడు పెట్టుకుని ఆ పొయ్యి నమ్ముకుని బతుకుతోంది. హోటల్ ముందు గది, ఇల్లు వెనక గది. ఆవిడ వేసే దిబ్బరొట్టె కోసం మా కళాసీలు పడవని అనవసరంగా ఆ రేవులోనే ఆపేవాళ్ళు. నన్ను చూడగానే రోజూ ఒకటే ప్రశ్న.

"ఏవండీ ఇంజినీరమ్మగారూ, రాయి ఎక్కడ పోత్తన్నారు?"

"ఇంకా కొలుస్తున్నామమ్మా."

"కొలవండి, కొలవండి. గోదారి కూడా రోజూ కొలుచుకుంటంది, మా గుమ్మం ఎంత దూరమా అని."

పడవ సిబ్బంది నలుగురు. వెనక చుక్కాని దగ్గర సరంగు. ఆయన నది మీద పుట్టి పెరిగిన మనిషి, తక్కువ మాట్లాడేవాడు. జెండా దాటినప్పుడల్లా కేక వేసి చెప్పడానికి ఒక వర్క్ ఇన్‌స్పెక్టర్. ఇద్దరు కళాసీలు. సర్వే ఎప్పుడూ ప్రవాహానికి ఎదురు చేసేవాళ్ళం, పడవ నిదానంగా, తిన్నగా నడుస్తుందని. తిరిగి వచ్చేటప్పుడు యంత్రం ఆపెయ్యాలని డీఈ గారి ఉత్తర్వు. కాగితం చుట్టలు చెన్నై నుంచి రావాలి, తొందరగా వచ్చేవి కావు.

పడవలో నాకు ఒకే ఒక ఇబ్బంది ఉండేది. నా పెన్సిల్. పలక మీద పెడితే దొర్లిపోయేది. దొర్లి కుడివైపు వెళ్ళేది, అక్కడున్న వాళ్ళలో ఎవరో ఒకరు వంగి తీసి, రెండు చేతులతో నాకందించేవారు. "పెన్సిలండీ." నేను తీసుకునేదాన్ని. మళ్ళీ దొర్లేది. అటువంటి చిన్న చికాకులకి ఉద్యోగంలో అలవాటు పడిపోతాం.

కొలతలు పూర్తయ్యాయి. పంపుహౌస్ దగ్గర గొయ్యి స్పష్టంగా కనబడింది, వెడల్పాటిది. హోటల్ ముందు అనుమానించినంత లేదు, మామూలు వాలు. డీఈ గారు గీతలన్నీ బల్ల మీద పరిచి చూశారు.

"మరి ఆ హోటలావిడ రోజూ అంత గోల చేస్తోందే?"

"యంత్రం చూపించింది ఇదీ, సార్. పళ్ళెం రెండు పూటలా సరిగ్గానే వచ్చింది."

"నీ పళ్ళెం సాక్ష్యం చెప్పాక నేనేమంటానమ్మా," అని, రాయి పంపుహౌస్ దగ్గర పోయాలని పైఆఫీసుకి రాసి సంతకం పెట్టారు. ఆమోదం కూడా వెంటనే వచ్చింది. మంచి కబుర్లు మా శాఖలో అంత తొందరగా రావు, అదొక్కటే ఆశ్చర్యం.

రాయి లారీలు రావలసిన రోజున, పంపుహౌస్ దగ్గర పోయడానికి ముందు ఆఖరుసారి ఒక గీత తీసి పెట్టుకోవాలి. పోశాక మళ్ళీ తీస్తే, రాయి ఎంత దిగిందో తెలుస్తుంది. పొద్దున్నే బయల్దేరాం. పళ్ళెం పరీక్ష అయింది, సరిపోయింది. మొదటి జెండా నుంచి ఎదురు నడిచి పంపుహౌస్ దాకా గీత తీశాం. చూస్తే చుట్టలో కాగితం మూరెడో రెండు మూరలో మిగిలి ఉంది. అంత ముక్క ఇంక దేనికీ పనికిరాదు. తీసి పారెయ్యడం నాకు ఇష్టం లేకపోయింది. తిరుగుదారిలో యంత్రాన్ని ఆపకుండా వదిలేశాను.

హోటల్ ఎదుటికి వచ్చేసరికి వర్క్ ఇన్‌స్పెక్టర్ అలవాటు కొద్దీ "నాలుగోదండీ!" అని కేక వేశాడు. సూది ఒక్కసారిగా కిందకి దిగింది. నిలువునా దిగి, కాసేపు అక్కడే గీసుకుంటూ పోయి, మళ్ళీ పైకి లేచింది. కాగితం అయిపోయింది.

పొద్దున గీసినది పక్కన పెట్టి చూశాను. అదే జెండా, అదే దారి. వెళ్ళేటప్పుడు వాలు, వచ్చేటప్పుడు గొయ్యి. ఒకే నదికి, ఒకే పూట, రెండు అడుగులు ఉండవు.

రేవులో ఆగి మళ్ళీ పళ్ళెం దింపించాను. పళ్ళెం ఎక్కడుండాలో అక్కడే ఉంది. డీఈ గారు అప్పటికే గట్టు మీద జీపు దగ్గర నిలబడి లారీల కోసం చూస్తున్నారు. కాగితం తీసుకెళ్ళి చూపించాను.

"చుట్ట చివర అంతేనేమోలే అమ్మా. రిటైరయ్యేముందు నేనూ కాస్త తేడాగానే రాస్తున్నాను."

"పళ్ళెం సరిగ్గా ఉంది సార్. అంటే యంత్రం తప్పు కాదు. తప్పు ఇంకెక్కడో ఉంది. అది తేలేవరకూ రాయి దింపించకండి."

"లారీలు దారిలో ఉన్నాయి. పంపుహౌస్ అని నేను సంతకం పెట్టి పంపాను. ఏమని ఆపను?"

పడవలోకి తిరిగొచ్చి నా చోట కూర్చున్నాను. కళాసీలు, ఇన్‌స్పెక్టర్ హోటల్ దగ్గర టీ తాగుతున్నారు. సరంగు రేవులో నిలబడి తాడు పట్టుకుని ఉన్నాడు. పడవలో నేనొక్కదాన్నే. పెన్సిల్ పలక మీద పెట్టాను. దొర్లలేదు.

దాన్ని అలాగే చూస్తూ ఉండిపోయాను. తరవాత వాళ్ళని పిలిచాను. టీ గ్లాసులు పెట్టేసి ఒక్కొక్కరే ఎక్కారు. ఎక్కినవాడు ఎక్కినట్టే కుడివైపు అంచుకి వెళ్ళి కూర్చున్నాడు. ముగ్గురూ అటే. సరంగు కూడా చుక్కానికి కుడిపక్కనే ఒదిగాడు. పెన్సిల్ మెల్లిగా కదిలి, దొర్లుకుంటూ వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. ఒకడు వంగి తీసి, రెండు చేతులతో, "పెన్సిలండీ," అన్నాడు.

నేను అంచు మీదనుంచి వంగి చూశాను. పైపు మీద ఎర్ర గీత నీళ్ళకి జానెడు పైన ఉంది.

ఈ కాలం పిల్లలకి ఇది చెప్తే నవ్వుతారు. అప్పట్లో మా దగ్గర ఆడ ఆఫీసరు కూర్చున్న పలక మీద మగ సిబ్బంది కూర్చునేవాళ్ళు కాదు. ఎవరూ చెప్పిన రూలు కాదు. అమ్మగారి పక్కన కూర్చోవడమేమిటి, ఎదురుగా, దూరంగా, ఒదిగి కూర్చోవాలి. జీపులో అయితే దానివల్ల నష్టం లేదు. మాది చిన్న పడవ. నలుగురు మగవాళ్ళ బరువూ కుడివైపు, నేనొక్కదాన్నీ ఎడమవైపు. పడవ కుడికి ఒరుగుతుంది. ఎడమవైపున్న పైపు కింది కొస బయటకి చాచుకుంటుంది. ఎదురు వెళ్ళేటప్పుడు గట్టు మాకు ఎడమవైపు. అంటే చెంబు నేరుగా కిందకి చూడకుండా గట్టు వాలుని చూస్తుంది. గట్టు దగ్గర, గొయ్యి దూరం. దగ్గరున్నదే ముందు వినబడుతుంది, అదే లోతని గీస్తుంది. పంపుహౌస్ దగ్గర గొయ్యి వెడల్పు కాబట్టి ఎటు చూసినా దొరికింది. హోటల్ ముందున్నది ఇరుకు, పాదాన్ని ఆనుకుని ఉంది. తిరుగుదారిలో చెంబు నదివైపు చూసింది కాబట్టి దాన్ని పట్టుకుంది. ఇక పళ్ళెం సేవకి ముందు అందరూ రేవులోకి దిగి టీకి పోయేవాళ్ళు. పళ్ళెం దింపే కళాసీ మాత్రం పైపు పక్కన, నడుం లోతు నీళ్ళలో నిలబడేవాడు. పడవ సమంగా ఉండేది. యంత్రం నిజమే చెప్పేది. ఎర్ర గీతని నేను చూసుకునేదీ అప్పుడే.

"మీలో ఇద్దరు ఇటొచ్చి నా పక్కన కూర్చోండి," అన్నాను.

ఎవరూ కదలలేదు.

"అయ్యబాబోయ్, తవరి పక్కనాండీ?" అన్నాడు పెద్ద కళాసీ.

"పక్కనే. పడవ ఒరుగుతోంది."

"ఎనక్కి ఎల్లి నుంచుంటామండి."

"నిలబడితే ఊగుతుంది. కూర్చోండి."

ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకున్నాడు. "మేడం గారూ, ఇసక మూటలు వేసేద్దామండీ. మీకు ఎంత బరువు కావాలంటే అంత. గోనెసంచులు ఊళ్ళో అడిగి పట్టుకొచ్చేస్తాను." నా పక్కన కూర్చోవడం కంటే ఇసక మొయ్యడం వాళ్ళకి సుఖంగా ఉంది. ఊళ్ళోకి వెళ్ళి సంచులు తెచ్చి, ఇసక నింపి, మోసుకొచ్చేసరికి లారీలు దించేసి వెళ్ళిపోతాయి. పంపుహౌస్ దగ్గర ఒకసారి నీళ్ళలో పడిన రాయి మళ్ళీ పైకి రాదు.

రేవు మెట్ల మీద గ్లాసులు కడుగుతున్న హోటలావిడ ఇదంతా వింటూనే ఉంది. గ్లాసులు చెల్లెలి చేతికిచ్చి, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంది.

"ఇసక మూటలెందుకండీ, నేనున్నాగా. మీ నలుగురికీ నేనొక్కదాన్నీ సరిపోతాను. జరగండి ఇంజినీరమ్మగారూ."

ప్రభుత్వ పడవలో బయటివాళ్ళని ఎక్కించకూడదు. ఆ నియమం నాకు తెలుసు. జరిగాను. ఆవిడ వచ్చి నా పక్కన కూర్చుంది. పడవ ఒకసారి అటూ ఇటూ ఊగి సర్దుకుంది. వంగి చూశాను. ఎర్ర గీత ఇంకా రెండు వేళ్ళు పైన ఉంది. పెద్ద కళాసీని మధ్యకి జరగమన్నాను. అది చేశాడు. గీత నీళ్ళకి తాకింది.

"ఏరా, ఇప్పుడు బావుందా? రొట్టెలు మీరు తిన్నారు, బరువు నాకొచ్చింది," అంది ఆవిడ వాళ్ళని చూసి. సరంగు నవ్వడం నేను మొదటిసారి చూశాను.

కొత్త చుట్ట ఎక్కించి రెండో జెండా దగ్గరనుంచి మొదలుపెట్టాం. ఆవిడ డబ్బాలోకి తొంగి చూస్తోంది. గీత మెల్లిగా సాగుతోంది. మూడోది దాటింది. నాలుగోది దగ్గరపడుతుండగా గీత వంగడం మొదలుపెట్టింది. ఎదురు వెళ్తున్నాం, గట్టు మాకు ఎడమవైపే ఉంది, అయినా గీత కిందకి దిగుతూ పోతోంది. సూది కాగితం అడుగుదాకా వెళ్ళి అక్కడే చాలాసేపు గీసుకుంటూ పోయింది. ఆవిడ తలెత్తి గట్టు వైపు చూసింది. సరిగ్గా ఎదురుగా ఆవిడ హోటల్, గుమ్మం ముందు పొయ్యి, దాని మీద మూకుడు. మళ్ళీ కాగితం చూసింది.

"ఇది మా ఇంటి కిందేనాండీ?"

"ఇంటి కింద కాదు. గట్టు పాదం దగ్గర."

"పాదం పోతే ఇల్లుంటదాండీ?"

నేను కాగితం మీద జెండా నంబరు వేశాను. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది, తాను కదిలితే గీత మారిపోతుందన్నట్టు. తిరిగి వచ్చేటప్పుడు కూడా అలాగే కూర్చుంది. ఈసారి వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ గీతలు ఒకదాని మీద ఒకటి పెడితే సరిపోయాయి.

మేము రేవు చేరేసరికి మొదటి లారీ గట్టు మీద కనబడుతోంది. డీఈ గారికి రెండు గీతలూ ఇచ్చి, జరిగింది చెప్పాను. ఎవరెక్కడ కూర్చున్నారో కూడా చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"అంటే మన వాళ్ళ మర్యాద వల్ల ఆవిడ ఇల్లు పోయుండేదన్నమాట."

"ఔను సార్."

"పైఆఫీసుకి కారణం ఏమని రాయమంటావు?"

"పడవలో బరువు సమంగా లేదని రాద్దాం సార్."

"అది నిజమే," అన్నారు. "పూర్తి నిజం రాస్తే ఆ మాట ఏ ఫైల్లో పెట్టాలో వాళ్ళకి తెలీదు."

ఆయన ఇంకో పరీక్ష అడగలేదు. సంతకం పెట్టిన మాటని రిటైర్మెంటు ముందు తానే కాదనడం చిన్న విషయం కాదు, దానికి సంజాయిషీ కూడా ఇచ్చుకోవలసి వచ్చింది ఆ తరవాత. ఆ క్షణాన మాత్రం గట్టు మధ్యకి నడిచివెళ్ళి, రెండు చేతులూ చాచి లారీకి అడ్డంగా నిలబడ్డారు. డ్రైవరు తల బయటపెట్టి, "పంపుహౌస్ కదండీ?" అన్నాడు. "కాదు. ఇక్కడే," అన్నారు ఆయన.

ఆగస్టులో వరద వచ్చింది. మరీ పెద్దదేం కాదు. హోటల్ ముందు పోసిన రాయి సగం దాకా కిందకి దిగిపోయింది. దిగడమే దాని పని, గొయ్యి పూడుతున్నదానికి గుర్తు. గట్టు భుజం కొంత జారింది, ఆవిడ ముందు గది గోడ చీలింది, పొయ్యి కూలింది. వీధి నిలిచింది. పంపుహౌస్‌కి ఏమీ కాలేదు. అందులో మా తెలివేం లేదు, ఆ వరద దానికి చాలలేదంతే. మరుసటి ఏడు దానికి వేరే రాయి తెప్పించాం. హోటలావిడ పొయ్యిని నాలుగడుగులు వెనక్కి జరిపి కట్టుకుంది.

అప్పటినుంచి మా పడవలో ఒక ఏర్పాటు. ఎవరి చోటు వారిది, పలకల మీద రంగుతో గుర్తులు. ఇద్దరు నా వైపు, ఇద్దరు అటు. మొదటి రోజు నా పక్కన కూర్చున్న కళాసీ శ్వాస కూడా సరిగ్గా తీసుకోలేదు. వారం తిరిగేసరికి నా డబ్బాలోకి తొంగి చూసి, "ఇక్కడ మేట పడ్డట్టుందండి," అనడం మొదలుపెట్టాడు. నెల తిరిగేసరికి వాడి టిఫిన్ వాసన నాకు భరించలేకుండా అయింది. మర్యాద తగ్గిందని నేను అనుకోలేదు. ఎర్ర గీత నీళ్ళకి తాకుతోంది, నాకు అది చాలు. పరికరాన్ని ఎంత బాగా బిగించినా, దాన్ని మోసే పడవలో మనుషులుంటారు. మీరు పనిచేసే రోజుల్లో పరికరాలు ఇంకా మంచివి వస్తాయి, ఒరిగితే తామే సర్దుకునేవి కూడా వస్తాయని విన్నాను. మంచిదే. ఎవరు ఎటు కూర్చున్నారో కూడా ఒకసారి చూసుకోండి.

నేను రిటైరైన రోజున ఆఫీసు హాల్లో చిన్న సభ పెట్టారు. డీఈ గారు అప్పటికి లేరు. నన్ను వేదిక మీద ఒక పొడుగాటి సోఫా మధ్యలో కూర్చోబెట్టారు, దండ వేశారు. సిబ్బంది అంతా ఎదుట కుర్చీల్లో, కొందరు గోడలకి ఆనుకుని నిలబడి ఉన్నారు. ఇద్దరు ముగ్గురు మాట్లాడారు. నా కచ్చితత్వం గురించి చెప్పి నవ్వించారు, పళ్ళెం సేవ గురించి కూడా. వెనక వరసలో సరంగు ఉన్నాడు. ఆయన అంతకు ముందే రిటైరయ్యాడు, సభకని ఊరినుంచి వచ్చాడు. మాట్లాడమంటే రాదన్నాడు. అందరూ చూస్తుండగా లేచి, నడుచుకుంటూ వేదిక ఎక్కి, సోఫా ఒక కొసన నా పక్కనే కూర్చున్నాడు.

"ఏంటండీ ఇది?" అన్నారు ముందు వరసలోంచి ఎవరో.

సరంగు ఆయన్ని చూడలేదు, నన్ను చూశాడు.

"అందరం ఒక పక్కే కూకుంటే ఒరిగిపోద్దండి, అమ్మగారూ."

నేను కొంచెం రెండో కొసకి జరిగి, సమంగా కూర్చున్నాను.